రేడియోలో మళ్ళీ ఆ పాటే ఎందుకు?

గేదె పాలు పితికేముందు దాని ముందర తట్టెడు తవుడు పెడతాం. మూతి ముంచి అది తింటున్నంతసేపూ కదలకుండా నిలబడుతుంది. ఆ కాస్త వ్యవధిలోనే పాలు పితుక్కోవాలి. తవుడు మరీ తక్కువైతే తన్నుతుంది, మరీ ఎక్కువైతే మనకు గిట్టుబాటు కాదు. పల్లెలో పుట్టిన ఎవరికైనా ఇది తెలిసిన సంగతే. రేడియో గురించి రాయబోతూ పశువుల కొట్టంలోకి తీసుకెళ్ళాడేమిటని మిత్రులు నవ్వుకోవచ్చు. కాని ప్రకటనల మీద బతికే రేడియో స్టేషను తీరును ఇంతకంటె తేలికగా చెప్పే పోలిక నాకు దొరకలేదు. అక్కడ పాట తవుడు. పాలు మన చెవులు, మన తీరిక సమయం. పితికేది స్టేషను. లీటర్ల లెక్కన కొనుక్కునేది ప్రకటన ఇచ్చే కంపెనీ. ఇక గేదె ఎవరో వేరే చెప్పనక్కరలేదు.

హాస్టలు గదుల్లో, ఆటోల్లో, టీ కొట్ల దగ్గర ఎఫ్.ఎం. వింటూ మనమంతా ఎప్పుడో ఒకప్పుడు విసుక్కున్నవాళ్ళమే. "పొద్దున వేసిన పాటే మళ్ళీనా? వీళ్ళ దగ్గర ఇంకో పాటే లేదా?" అని. 1932లో "భక్త ప్రహ్లాద" వచ్చిననాటి నుంచి తెలుగు సినిమా మనకు వేల పాటలిచ్చింది. సినిమా బయట జానపదాలున్నాయి, లలిత గీతాలున్నాయి, నాటకాల పద్యాలున్నాయి. పాటలకు కరువు లేదు. అన్నిటిలోంచి కొన్ని మాత్రమే మాటిమాటికీ రావడం వెనుక ఒక లెక్క ఉంది. లెక్కలూ, భౌతికశాస్త్రమూ చదువుకునే విద్యార్థిని కాబట్టి నా మనసు దానివైపు లాగింది. ఆ లెక్క ఎలా వేస్తారో, అందులో ఎవరు చేరారో, ఎవరు చేరలేదో తోటి విద్యార్థులకు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కొనేది ఎవరు?

పత్రికకు చందా కడతాం, సినిమాకు టిక్కెట్టు కొంటాం. రేడియో వినడానికి మాత్రం మనం పైసా ఇవ్వం. స్టేషనుకేమో జీతాలు, కరెంటు బిల్లు, ప్రభుత్వానికి లైసెన్సు ఫీజు, పాటల హక్కుదార్లకు రాయల్టీ అన్నీ తప్పవు. ఈ ఖర్చంతా ప్రకటనల డబ్బులోంచే రావాలి. ప్రకటన ఇచ్చేవాడికి పాటతో పనిలేదు, వినేవాళ్ళతోనే పని. వాళ్ళలోనూ అందరూ అక్కరలేదు. నగల దుకాణం వాడికి పెళ్ళీడు పిల్లలున్న తల్లి కావాలి. కోచింగు సెంటరు వాడికి ఇంటరు చదివే కుర్రాడు, వాడి తండ్రి కావాలి. ఇళ్ళస్థలాలు అమ్మేవాడికి నెలజీతగాడు కావాలి. తొంభై ఏళ్ళ ముసలమ్మ ఎంత శ్రద్ధగా విన్నా వాళ్ళకు ఒరిగేదేమీ లేదు.

ఈ పద్ధతి బాగా ముదిరింది అమెరికాలో. అక్కడ ప్రకటనల ఏజెన్సీలు శ్రోతలను వయసును బట్టి, ఆడా మగా అన్నదాన్ని బట్టి కొంటాయి. 25 నుంచి 54 ఏళ్ళ మధ్యవారు అన్నది ఆ వ్యాపారంలో పేరుపడిన కొలత. అందుచేత స్టేషను పెట్టేవాడు ముందు వయసును ఎంచుకుంటాడు, ఆ తరువాతే పాటను. కుర్రకారు కావాలంటే కొత్త పాటల "టాప్ 40", మధ్యవయసు ఆడవాళ్ళు కావాలంటే మెత్తని "అడల్ట్ కాంటెంపరరీ", ఆ వయసు మగవాళ్ళు కావాలంటే "క్లాసిక్ రాక్". దీన్నే ఫార్మాట్ అంటారు. కొన్ని స్టేషన్లలో ఒక ఊహాశ్రోతను తయారుచేసి ఆమెకు ఒక వయసు, ఉద్యోగం, ఇద్దరు పిల్లలు కూడా కల్పించి, ఏ పాట వేయాలన్నా "ఇది ఆమెకు నచ్చుతుందా?" అని చూస్తారు.

ఇంకో కిటుకు ఉంది. పదిహేను, ఇరవై ఏళ్ళ వయసులో విన్న పాట మనిషికి జీవితాంతం తీపిగా ఉంటుంది. కాబట్టి నలభై అయిదేళ్ళ శ్రోత కావాలంటే క్యాలెండరులో పాతికేళ్ళు, ముప్ఫయ్యేళ్ళు వెనక్కు లెక్కపెట్టి అప్పటి పాటలు వేస్తే సరిపోతుంది. ఈ లెక్క ఏటా ముందుకు జరుగుతూ ఉంటుంది. 1980ల నాటి "పాత పాటల" స్టేషన్లు 1950ల, 60ల పాటలు వేసేవి. నేడు అదే కోవ స్టేషన్లలో 1980ల, 90ల పాటలే ఎక్కువ. మరి ఆ మొదటి పాటలు ఏమయ్యాయి? వాటిని ప్రేమించినవాళ్ళు 54 దాటారు. శ్రోత లెక్కలోంచి జారిపోయినప్పుడు అతని పాట కూడా జారిపోయింది.

డబ్బాలో నాణెం వేసిన పిల్ల

ఈ విద్యకు ఆద్యుడుగా చెప్పేది టాడ్ స్టోర్జ్‌ను. 1950ల తొలినాళ్ళలో అమెరికాలో టెలివిజను ఇంటింటికీ వస్తున్నది. నాటకాలూ, హాస్య కార్యక్రమాలూ అన్నీ టీ.వీ.లోకి వెళ్ళిపోతే రేడియో బోసిపోయింది. నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహాలో కె.ఓ.డబ్ల్యు.హెచ్. అనే చిన్న స్టేషను స్టోర్జ్ కుటుంబానిది. ఒక కథ ప్రచారంలో ఉంది. ఆయనా, ఆయన సహచరుడూ ఒక బారులో కూర్చుని చూస్తుంటే, వచ్చినవాళ్ళంతా జ్యూక్‌బాక్సులో నాణెం వేసి అవే నాలుగైదు పాటలు పెట్టుకుంటున్నారట. రోజంతా ఆ పాటలే విని విసిగిపోవలసిన వడ్డించే పిల్ల కూడా, కొట్టు మూసే వేళకు తన డబ్బు వేసి మళ్ళీ అందులో పాటే పెట్టుకుందట! కథలో నిజమెంత ఉన్నా, దాంట్లోంచి తీసిన సూత్రం మాత్రం ప్రపంచమంతా పాకింది. జనం కొత్తదనం కోరతామని నోటితో అంటారు, చేత్తో మాత్రం తెలిసినదాన్నే ఎంచుకుంటారు. తక్కువ పాటలు ఎక్కువసార్లు వేసే "టాప్ 40" అలా పుట్టింది.

అప్పటికింకా ఏ పాట వేయాలో చాలాచోట్ల డిస్క్ జాకీయే నిర్ణయించేవాడు. దాంతో రికార్డు కంపెనీలు జాకీల జేబులు తడపడం మొదలుపెట్టాయి. దీనికి "పేయోలా" అని పేరు. 1959లో గుట్టు రట్టయింది. రాక్ అండ్ రోల్‌ను ఊరూరా వినిపించిన అలన్ ఫ్రీడ్ అంతటివాడి ఉద్యోగం పోయింది. 1960లో శాసనసభ విచారణలు జరిగి, డబ్బు తీసుకున్న సంగతి శ్రోతలకు చెప్పకుండా పాట వేయడం నేరమని చట్టం వచ్చింది. దీని ఫలితం విచిత్రమైనది. లంచాలకు అడ్డుకట్ట వేయాలని యాజమాన్యాలు పాట ఎంచే అధికారాన్ని జాకీ చేతిలోంచి లాగి ప్రోగ్రాం డైరెక్టరు చేతిలో పెట్టాయి. జాకీ మాట్లాడేవాడుగా మిగిలాడు. 1965లో లాస్ ఏంజిలస్‌లోని కె.హెచ్.జె. స్టేషనులో బిల్ డ్రేక్ ఆ మాటలు కూడా కత్తిరించాడు. ముప్ఫై పాటల జాబితా, తక్కువ కబుర్లు, తక్కువ ప్రకటనలు! కొద్ది నెలల్లో ఆ స్టేషను నగరంలో అగ్రస్థానానికి వెళ్ళింది.

మెతుకు పట్టి చూడడం

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. మార్కెట్ యార్డులో వ్యాపారి బస్తాలోకి బొంబు గుచ్చి గుప్పెడు వడ్లు మచ్చు తీసి మొత్తానికి ధర కడతాడు. పాటలకూ ఇదే పద్ధతి వచ్చింది. 1970ల నుంచి అమెరికన్ స్టేషన్లు ఇళ్ళకు ఫోన్లు చేసి, పాటలో బాగా గుర్తుండే ముక్క, మన భాషలో చెప్పాలంటే పల్లవిలోని పట్టు, అయిదు నుంచి పది సెకన్లు వినిపించి మూడు ప్రశ్నలు అడగసాగాయి. ఈ పాట ఇంతకుముందు విన్నారా? నచ్చిందా? విని విని విసుగెత్తిందా? ఇంకా పెద్ద ఎత్తున చేయాలనుకుంటే వందమంది దాకా ఒక హాలులో కూర్చోబెట్టి, ఒక్క పూటలో కొన్ని వందల ముక్కలు వినిపించి మార్కులు వేయిస్తారు.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. మొదటిది, ఆ హాలులోకి ఎవరినిబడితే వారిని రానివ్వరు. కావలసిన వయసువాళ్ళు, ఈ స్టేషనునో దీని పోటీ స్టేషనునో ఇప్పటికే వింటున్నవాళ్ళు మాత్రమే వస్తారు. అంటే మెతుకు తీసేముందే కుండను ఎంచుకుంటున్నారన్నమాట. రెండోది, వినని పాటకు అయిదు సెకన్లలో ఎవరూ మంచి మార్కులు వేయరు. 1968లో రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఒక వస్తువు మళ్ళీ మళ్ళీ కంటబడినందువల్లనే దానిమీద ఇష్టం పెరుగుతుందని ప్రయోగాలతో చూపించాడు. 1971లో డేనియల్ బెర్లైన్ మరో మెట్టు ఎక్కి, ఆ ఇష్టం కొంతదూరం పెరిగి, ఆ పైన పరిచయం మరీ ఎక్కువైతే తగ్గుతుందన్నాడు. గ్రాఫు గీస్తే బోర్లించిన మూకుడులా ఉంటుంది. స్టేషను వాళ్ళు ప్రతి పాటనూ ఆ మూకుడు నడినెత్తిన ఉన్నంతకాలం తిప్పుతారు. దిగువకు జారుతున్నదని ఫోను లెక్కలు చెప్పగానే తీసి పక్కన పెడతారు. ఎక్కని పాటను ఎక్కించే శ్రమ మాత్రం చాలావరకు ఇతరులకు వదిలేస్తారు.

కాబట్టి గెలిచేది అందరికీ ప్రాణమైన పాట అనుకోకూడదు. పదిమందిలో ముగ్గురు పరవశించి, ముగ్గురు చిరాకుపడి స్టేషను మార్చే పాట కంటె, పదిమందీ "ఉండనీలే" అనుకునే పాట ఈ లెక్కలో మేలైనది. గేదె తన్నకుండా ఉండాలి. అంతే కావలసింది.

గంటను ముక్కలు చేయడం

ఎంపికైన పాటలను ఏ వరసలో వేయాలి? స్టేషనులో గడియారం బొమ్మ ఒకటి గీసి, గంటను బొబ్బట్టు ముక్కల్లా కోస్తారు. ఇక్కడ బలమైన కొత్త పాట, ఇక్కడ నిన్నమొన్నటి పాట, ఇక్కడ పాత బంగారం, ఇక్కడ ప్రకటనలు. రెండు మందగతి పాటలు పక్కపక్కన రాకూడదు, ఒకే గాయకుడు వెంటవెంటనే రాకూడదు, ప్రకటనలు అయిన వెంటనే అతిబలమైన పాట రావాలి వంటి నియమాలుంటాయి. 1980ల నుంచి ఈ పని "సెలెక్టర్" వంటి కంప్యూటరు ప్రోగ్రాములు చేస్తున్నాయి.

దీనిలో చిన్న లెక్క ఒకటి నాకు ముచ్చటగా అనిపించింది. అతిబలమైన పాటలు 6 ఉన్నాయనుకుందాం. గంటకు 2 చొప్పున వరసగా వేస్తే ప్రతి పాటా 3 గంటలకొకసారి వస్తుంది. రోజుకు 48 స్థానాలు. 48ని 6 నిశ్శేషంగా భాగిస్తుంది. అంటే ఇవాళ ఉదయం 8 గంటలకు వచ్చిన పాటే రేపూ 8కి వస్తుంది, ఎల్లుండీ 8కే వస్తుంది. రోజూ 8 గంటల బస్సెక్కే విద్యార్థికి వారమంతా ఒకటే పాట! పాటలను 7 చేసి చూడండి. 48ని 7తో భాగిస్తే 6 మిగులుతుంది. కాబట్టి 8 గంటల స్థానంలో రోజుకో పాట వచ్చి, వారం తిరిగాక గాని మొదటిది మళ్ళీ రాదు. కాలవ నీటికి వంతులు కట్టేటప్పుడు ఎప్పుడూ ఒకే రైతుకు అర్ధరాత్రి వంతు రాకుండా పెద్దలు చూసే లెక్క ఇలాంటిదే.

ప్రకటనలు ఎప్పుడు వేయాలన్నదానికీ లెక్క ఉంది. అమెరికాలో ఆర్బిట్రాన్ సంస్థ శ్రోతల చేత డైరీలు రాయించేది. ఒక పావుగంటలో కనీసం 5 నిమిషాలు విన్నట్టు రాస్తే ఆ పావుగంట మొత్తం స్టేషను ఖాతాలో పడేది. ఉదాహరణకు 10 నిమిషాల నుంచి 20 నిమిషాల దాకా శ్రోతను పట్టి ఉంచితే చాలు, విన్నది పదే నిమిషాలైనా రెండు పావుగంటలు దక్కుతాయి. కాబట్టి పావుగంట మారే చోట పాటలు, ఖాతాలో పడిపోయాక ప్రకటనలు. ఒక స్టేషనులో ప్రకటనలొస్తున్నాయని తిప్పితే పక్క స్టేషనులోనూ ప్రకటనలే వినబడడానికి ఇదొక కారణం. 2007 నుంచి అమెరికాలో డైరీకి బదులు శ్రోత నడుముకు తగిలించుకునే చిన్న మీటరు వచ్చింది. ఏ నిమిషంలో ఎవరు జారుకున్నారో అది చెబుతుంది. దాంతో తెలియని పాట వేసే ధైర్యం ఇంకా సన్నగిల్లింది.

మన దేశానికి వచ్చిన దారి

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనవచ్చు. మన దేశంలో కథ వేరే చోట మొదలై ఇక్కడికే చేరింది.

1952లో కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రిగా బి.వి. కేస్కర్ వచ్చాక ఆకాశవాణిలో సినిమా పాటకు తలుపులు మూసుకున్నాయి. జనం ఊరుకుంటారా? షార్ట్ వేవ్‌లో రేడియో సిలోన్ వైపు ముల్లు తిప్పారు. ఆ ఏడే అక్కడ అమీన్ సయానీ గొంతుతో "బినాకా గీత్‌మాలా" మొదలైంది. దానికి డబ్బిచ్చింది పళ్ళపొడి కంపెనీ కాదు, పళ్ళపేస్టు కంపెనీ. పాటల వరసను రికార్డుల దుకాణాల్లోని అమ్మకాలను బట్టి, శ్రోతల సంఘాల అభిప్రాయాలను బట్టి నిర్ణయించేవారు. మీనాక్షి పొన్నుదురై గొంతులో రేడియో సిలోన్ తెలుగు పాటలు విన్న తరం ఇప్పటికీ మన ఇళ్ళలో ఉంది. ఈ పోటీకి జవాబుగా 1957 అక్టోబరు 3న వివిధ భారతి పుట్టింది. 1967లో బొంబాయి నుంచి మొదలుపెట్టి అందులోనూ వ్యాపార ప్రకటనలు వచ్చాయి.

ప్రకటనలు వచ్చినా వివిధ భారతిలో పాట ఎంచడానికి ఇంకొక దారి తెరిచే ఉంది. అది పోస్టుకార్డు. తెలుగులో "జనరంజని" వంటి కార్యక్రమాల్లో పాటకు ముందు కోరినవారి పేర్లూ, ఊళ్ళూ చదివేవారు. ఇప్పటి జార్ఖండ్‌లో ఝుమ్రీ తలయ్యా అనే అభ్రకం గనుల ఊరు ఉంది. అక్కడివాళ్ళు రాసిన కార్డుల వల్లనే ఆ ఊరిపేరు దేశమంతటా మార్మోగిపోయింది. మా నాన్న ఎప్పుడు రేడియో ప్రసంగం వచ్చినా, మా ఊరిపేరు ఒకసారి రేడియోలో చదివారన్న సంగతి చెప్పకుండా వదలడు. పాట ఏదో మరిచిపోయాడు గాని ఊరిపేరు చదివిన సంగతి మరిచిపోలేదు. పోస్టుకార్డు పక్కా గణాంకశాస్త్రం కాదన్నది నిజమే. ఓపిక ఉన్నవాడు వంద కార్డులు రాస్తాడు, లేనివాడు ఒకటీ రాయడు. కాని ఆ తలుపు దగ్గర నీ వయసెంత, నెలకు ఏం సంపాదిస్తావు, ఏ పట్నంలో ఉంటావు అని అడిగేవాడు లేడు.

1995లో సుప్రీంకోర్టు ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. తరువాత ప్రైవేటు ఎఫ్.ఎం.కు దారి ఏర్పడి, 2001 జులై 3న బెంగళూరులో మొదటి ప్రైవేటు స్టేషను పాడింది. 2005 నాటి విధానంతో లైసెన్సులు పెరిగి హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం, రాజమండ్రి, తిరుపతి, వరంగల్లు వంటి నగరాలకూ ప్రైవేటు స్టేషన్లు చేరాయి. ఫోను సర్వేలు, గడియారం బొమ్మలు, కంప్యూటరు జాబితాలు, అమెరికాలో తయారైన పనిముట్లన్నీ వాటితోపాటే వచ్చాయి. ఆ విధానంలో ప్రైవేటు స్టేషన్లకు వార్తలు చెప్పే హక్కు ఇవ్వలేదు. 2011 విధానంలోనూ ఆకాశవాణి వార్తలను ఉన్నవున్నట్టుగా వినిపించడానికే అనుమతించారు. అంటే పాటా, కబుర్లూ తప్ప అంగట్లో పెట్టడానికి వేరే సరుకు లేదు.

మరి ఇన్ని స్టేషన్లు వచ్చాక ఒకటి పాత పాటలు, ఒకటి జానపదాలు, ఒకటి శాస్త్రీయ సంగీతం పంచుకోవచ్చు గదా? దీనికి జవాబు 1929లోనే హెరాల్డ్ హోటెలింగ్ అనే గణిత, ఆర్థిక శాస్త్రజ్ఞుడు ఇచ్చాడు. పొడుగాటి వీధిలో రెండు మిరపకాయ బజ్జీల బళ్ళున్నాయనుకోండి. చెరో కొసన ఒకటి ఉంటే వీధివాళ్ళకు నడక తగ్గుతుంది. కాని ప్రతి బండివాడూ అవతలివాడి గిరాకీలో కొంత లాక్కుందామని కాస్త మధ్యకు జరుపుతాడు. చివరికి రెండు బళ్ళూ వీధి నడిమధ్య ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడతాయి. కొసనున్న ఇళ్ళవాళ్ళు నడవాల్సిందే. 1952లో పీటర్ స్టైనర్ ఇదే తర్కాన్ని రేడియోకు పట్టించి చూపాడు. అమెరికా మహానగరంలో డజన్లకొద్దీ స్టేషన్లు ఉంటాయి గనుక కొసలకు కూడా ఎవడో ఒకడు వెళతాడు. మన నగరాల్లో వేలంపాటలో ఖరీదుగా కొన్న లైసెన్సులు కొద్దే కాబట్టి ప్రతివాడూ నడిమధ్యనే బండి పెడతాడు. మన నడిమధ్య ఏమిటంటే కొత్త సినిమా పాట. పైగా మన దగ్గర ఆ పాట తానే ఒక ప్రకటన. సినిమా విడుదలకు ముందు దాన్ని ఎంత మోగిస్తే నిర్మాతకు అంత లాభం. సినిమా వెళ్ళిపోయాక చాలా పాటలు కూడా దాని వెంటే వెళ్ళిపోతాయి.

కొసనున్న ఇళ్ళవాళ్ళు

కొసనున్నవాళ్ళెవరు? అందులో మావాళ్ళున్నారు గనుకనే నేనీ వ్యాసం రాయబూనుకున్నాను.

ఎఫ్.ఎం. తరంగాలు 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్యవి. ఇవి దాదాపు చూపు మేరన, తిన్నగా పోయే రకం. భూమి వంపు, గుట్టలు అడ్డొస్తే ఆగిపోతాయి. మీడియం వేవ్ అలా కాదు, నేలను పట్టుకుని చాలా దూరం పాకుతుంది, రాత్రివేళ పై వాతావరణంలోని అయాన్ల పొరకు తగిలి ఇంకా దూరం దూకుతుంది. మా చెరువు కట్ట మీద నిలబడితే నగరం ఎఫ్.ఎం. గరగరలాడుతూ వినిపిస్తుంది. కట్ట దిగి పొలంలోకి వెళితే పోతుంది. స్టేషనుకు దీనివల్ల నష్టమేమీ లేదు. దాని సరుకు కొనేవాళ్ళకు కావలసిన శ్రోత కట్టకు అవతలే ఉన్నాడు.

శ్రోతల లెక్క తీసేవాళ్ళు కూడా అక్కడే ఆగిపోయారు. 2007లో మన దేశంలో రేడియో శ్రోతల కొలతకు "రామ్" అనే డైరీ పద్ధతి వచ్చింది. అది నడిచినంతకాలం ఢిల్లీ, ముంబయి, బెంగళూరు, కలకత్తా మహానగరాలను లెక్కించింది. మన తెలుగు నగరం ఒక్కటీ అందులో లేదు. ఇక పల్లె మాట చెప్పేదేముంది? లెక్కకు రానివాడి ఇష్టం జాబితాలోకి రాదు. జాబితాలోకి రాని పాట కొత్తతరం చెవిన పడదు. చెవిన పడని పాటకు రేపు సర్వే చేస్తే "వినలేదు" అనే మార్కే వస్తుంది. అప్పుడు "ఈ పాటలు ఎవరికీ అక్కరలేదు, లెక్కలే చెబుతున్నాయి" అంటారు. నాట్లేసేటప్పుడు మా అమ్మా, తోటి కూలీలూ పాడుకునే పాటలు ఇలాగే "అక్కరలేనివి" అయిపోతున్నాయి. ఎవరూ కుట్ర చేయలేదు. ఎవరూ నిషేధించలేదు. లెక్క సక్రమంగా వేశారు, కాని కుండను వేరే చోట ఎంచుకున్నారు.

రైతుకూ రేడియోకూ ఉన్న బంధం పాటతోనే ఆగలేదు. 1960లలో తంజావూరు జిల్లాలో ఏ.డి.టి. 27 అనే వరి వంగడం గురించి ఆకాశవాణి ఎంతగా చెప్పిందంటే, రైతులు దాన్ని "రేడియో వడ్లు" అనేవారు. 1966 నుంచి ఆకాశవాణి కేంద్రాల్లో వ్యవసాయ కార్యక్రమాల విభాగాలు ఏర్పడ్డాయి. ఆ మాటలు విన్నవాళ్ళకు ప్రకటనదారు ధర కట్టలేదు, అయినా అవి ప్రసారమయ్యాయి. ఇటీవలి సంవత్సరాల్లో ఆకాశవాణి చాలా మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను మూసివేసింది. పొలం గట్టుమీద రేడియోకు మిగిలిన చోటు అలా చిక్కిపోతున్నది.

సెల్‌ఫోను వచ్చాక ఈ బెడద తీరిందనుకునే మిత్రులకు ఒక మాట. ఫోనులో పాటల యాప్ కూడా మనం ఏ పాటను ఎన్ని సెకన్లకు దాటవేశామో లెక్కపెట్టుకుంటూనే ఉంటుంది. స్పాటిఫై వంటి యాప్‌లలో 30 సెకన్లు విన్నాకే పాట "విన్నట్టు" ఖాతాలో పడుతుంది. అందువల్ల పాట కట్టేవాళ్ళు పల్లవిని ముందుకు లాగుతున్నారు. పావుగంట పోయి అరనిమిషం వచ్చింది. అంతే తేడా.

నేను ప్రైవేటు స్టేషన్ల మీద కత్తి కట్టలేదు. పెట్టుబడి పెట్టినవాడు రాబడి చూసుకోవడం న్యాయమే. మా నాన్న కూడా ధర పలికే పంటే వేస్తాడు. కాని ఊళ్ళో ప్రతి ఎకరంలోనూ పత్తే వేస్తే తిండిగింజలు ఎక్కడినుంచి వస్తాయి? కొంత నేల వేరేవాటికి అట్టేపెట్టాలి. రేడియోలో ఆ నేల ఉంది. సంగారెడ్డి జిల్లా మాచనూరులో 2008 నుంచి సంగం రేడియో నడుస్తున్నది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో దళిత మహిళలే దాన్ని నడుపుతారు. వాళ్ళ విత్తనాల ముచ్చట్లు, వాళ్ళ పండగలు, వాళ్ళ పాటలు వాళ్ళ భాషలోనే వస్తాయి. విద్యాసంస్థలు ఇలాంటి స్టేషను పెట్టుకోవడానికి 2002 చివర్లోనే కేంద్రం అనుమతినిచ్చింది. 2004లో చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయం పెట్టి చూపింది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో "బోల్ హైదరాబాద్" ఉంది. మన విశ్వవిద్యాలయం ఎందుకు అడగకూడదు? మన సంఘం వచ్చే ఏడాది కోరికల పత్రంలో దీన్ని చేర్చాలని నా మనవి.

అనుమతి వచ్చేలోగా చేయదగిన పని ఒకటుంది. ఈ సంచిక చేతికందేసరికి పరీక్షలు, ఆ పైన వేసవి సెలవులు. ఇంటికి వెళ్ళిన ప్రతి విద్యార్థీ తన ఊళ్ళో పదిమందిని అడగాలి. 54 దాటినవాళ్ళు, కూలికి వెళ్ళేవాళ్ళు, ఎఫ్.ఎం. అందని చోట ఉన్నవాళ్ళు, అంటే ఆ హాలులోకి ఎవరూ పిలవనివాళ్ళు అందులో తప్పక ఉండాలి. అడగవలసినవి మూడే ప్రశ్నలు. పని చేసుకుంటూ మీరు పాడుకునే పాట ఏది? దాన్ని మొదట ఎవరి నోట విన్నారు? రేడియోలో ఎప్పుడైనా వచ్చిందా? జవాబులతోపాటు ఆ పాటను ఫోనులో రికార్డు చేసుకుని, ఊరిపేరు రాసి తెచ్చి సంఘం కార్యాలయంలో ఇవ్వండి. మన స్టేషను పెట్టిననాడు మొదటి జాబితాకు అవి పనికొస్తాయి.